మన సైకిల్ సంఘం వార్షిక నివేదిక, 2024-25

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి వచ్చిన అందరికీ నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలుసు కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను. ఈ ఏడాది చేసిన పెద్ద పని ఒకటే. గుంటూరు దగ్గర కొండవీడు కొండల చుట్టూ రద్దీ లేని దారులన్నీ తొక్కి చూసి, మన రూట్ పుస్తకాన్ని కొత్తగా రాశాం. పాత పుస్తకంలో ఊరి పేర్లు, దూరాలు మాత్రమే ఉండేవి. కొత్తదాంట్లో ఏ దారి ఏ నెలలో, ఏ వేళలో ఖాళీగా ఉంటుందో కూడా ఉంది. మన ప్రాంతంలో సైకిల్ తొక్కేవాడికి ముందు కావాల్సింది ఇదేనని నా గట్టి నమ్మకం.

నవంబరులో పిట్ట పురుగు లేని రోడ్డు ఫిబ్రవరికి మిర్చి టిక్కీల (బస్తాల) ట్రాక్టర్లతో నిండిపోతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోతలు, కల్లాలు, యార్డుకి సరుకు తోలడం. ఆ నెలల్లో తెల్లవారుజామున కూడా ఆ రోడ్ల మీద లారీలు ఆగవు. కల్లాల పక్కన ఎగశ్వాసతో ఎత్తు ఎక్కుతుంటే ఘాటు గొంతులోకి దిగి దగ్గు పట్టుకుంటుంది. ముక్కుకి తడి రుమాలు కట్టుకోమని పుస్తకంలో రాశాం. శివరాత్రికి ముందు వారమంతా కోటప్పకొండ గుడికి ఎత్తుగా అలంకరించిన ప్రభలు తరలివెళ్లే దారులు వదిలేయాలని కూడా రాశాం. మామూలు రోజుల్లో సాతులూరు, నాదెండ్ల మీదుగా అటు వెళ్లే చిన్న రోడ్లంత హాయి మన చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. వడ్ల సీజన్లో రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోస్తారు. అది రైతు అవసరం, మనం దిగి పక్కనుంచి నడిపించుకుంటూ పోవాలి. ధాన్యం ఎత్తేశాక చుట్టూ పెట్టిన రాళ్లు మాత్రం అక్కడే ఉండిపోతాయి. చీకట్లో వెళ్లేవాళ్లు లైటు లేకుండా బయల్దేరవద్దు.

అసలు ఇబ్బంది ఊరు దాటడంలోనే ఉంది. గుంటూరు నుంచి పేరేచర్ల దాకా నరసరావుపేట రోడ్డు తప్ప మనకి సుళువైన దారి లేదు. తెల్లారిందంటే టిప్పర్లు మొదలవుతాయి. అందుకే మన రైడ్లన్నీ చీకటి ఉండగానే బయల్దేరుతున్నాయి. ఫిరంగిపురం దాటి కొండ వైపు తిరిగాక హారన్ మోత తగ్గుతుంది, పక్కన తొక్కేవాళ్ల మాట వినిపిస్తుంది.

ముళ్ల సంగతి కొత్త సభ్యుల కోసం చెబుతున్నాను. రోడ్డు పక్క సర్కారు తుమ్మ కొట్టినప్పుడల్లా ఆ కొమ్మల ముళ్లు కొన్నాళ్లపాటు తారు మీదే పడి ఉంటాయి. పంక్చర్ అయితే ట్యూబ్ మార్చి ఊరుకోవద్దు. టైర్ లోపల గుడ్డ పెట్టి చుట్టూ మెల్లగా తుడవండి. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ ముల్లు ఉన్నట్టు. దాన్ని బయటి నుంచి కాకుండా లోపలి నుంచి నెట్టి తీయాలి. అది తీయకుండా ఎక్కిస్తే కొత్త ట్యూబ్ కూడా పది నిమిషాల్లో పోతుంది.

సెప్టెంబరులో బుడమేరు వరదతో విజయవాడ మునిగినప్పుడు రైడ్లన్నీ ఆపేశాం. మన సభ్యులు కొందరు సింగ్ నగర్ వైపు మంచినీళ్లు, బ్రెడ్ తీసుకెళ్లారు. వాళ్లకి సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఇక మనందరం గర్వపడాల్సిన రోజు. సంక్రాంతి ముందు ఆదివారం కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కాం. ఆడవాళ్లు ఇంతమంది కలిసి ఆ ఘాట్ ఎక్కడం మన సంఘంలో ఇదే మొదలు. వెనక 32 పళ్ల గేరు, అంటే ఎత్తులో తేలిగ్గా తొక్కనిచ్చే పెద్ద గేరు, ఉన్నవాళ్లు సీటు మీద కూర్చునే ఎక్కారు. గేర్లు లేని సైకిళ్లతో వచ్చిన అక్కలు నిటారు మలుపుల్లో దిగి నెట్టుకుంటూ, మళ్లీ ఎక్కి తొక్కుతూ, ఒక్కరూ వెనక్కి తిరగకుండా పైకి చేరారు. రెడ్డిరాజుల కోట గోడల పక్కన, ముత్యాలమ్మ చెరువు దగ్గర కూర్చుని పులిహోర తిన్నాం. ఎక్కువ టెన్షన్ పడింది దిగడం గురించే. రిమ్ బ్రేకులు, అంటే చక్రం అంచుని (రిమ్ముని) పట్టి ఆపేవి, అదే పనిగా పట్టి ఉంచితే రిమ్ము కాలి, లోపల గాలి వేడెక్కి ట్యూబ్ పేలిపోవచ్చు. అందుకని సగం దారిలో అందరినీ ఆపి రిమ్ములు చల్లారనిచ్చాం. ఒకావిడ రిమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూసి, "అమ్మో, పెనంలా ఉందండీ" అన్నారు. బ్రేకు పట్టి వదులుతూ దిగమని పొద్దున చెప్పింది అప్పుడు అందరికీ అర్థమైంది. చిన్న గీత కూడా పడకుండా అందరం కిందకి చేరాం.

ఆ రోజు వెనక వచ్చిన ఆటో అన్నకి, మందుల పెట్టెతో వచ్చిన డాక్టరు గారికి, తెల్లారకముందే పొయ్యి వెలిగించిన ఫిరంగిపురం టీ కొట్టు పిన్నిగారికి, పులిహోర చేసి పంపిన సభ్యుల ఇళ్లవారికి, చక్రాల వంకరలన్నీ సరిచేసి డబ్బు తీసుకోని సైకిల్ షాపు బాబాయి గారికి, రూట్ మ్యాపులు చేత్తో గీసిన డ్రాయింగ్ మాస్టారికి పేరుపేరునా ధన్యవాదాలు.

ఒక మాట బాధతోనే చెబుతున్నాను. దారుల సర్వేకి గ్రూపులో "వస్తాం" అన్నవాళ్లలో సగం మంది కూడా పొద్దున రాలేదు. పుస్తకం పనంతా నలుగురైదుగురి భుజాల మీదే పడింది. రాలేకపోతే ముందురోజు రాత్రి ఒక్క మెసేజ్ పెట్టండి, చీకట్లో రోడ్డు పక్కన మీకోసం ఎదురుచూస్తూ నిలబడేవాళ్లూ మనుషులే. గుడ్డి మలుపుల దగ్గర అద్దాలు, హెచ్చరిక బోర్డులు పెట్టమని ఇచ్చిన అర్జీదీ అదే కథ. 2022లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి ఆ మలుపులున్న రోడ్డు ఇప్పుడు పల్నాడు జిల్లాదని ఒక ఆఫీసులో చెప్పారు. అక్కడికి వెళితే ఇంకో శాఖని అడగమన్నారు. అర్జీ నకలు నా దగ్గర ఉంది, మళ్లీ పట్టుకెళ్తాను. ఈసారి నాతో ఇద్దరు రావాలి.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు అందరికీ పంచారు. అప్పులేమీ లేవు. చందా బాకీ ఉన్నవాళ్లు ఈ రోజే కట్టగలరు.

వచ్చే ఏడాది కోటప్పకొండ వైపు దారులు వానాకాలంలో ఒకసారి, మిర్చి కోతల్లో ఒకసారి మళ్లీ చూడాలని కార్యవర్గం అనుకుంటోంది. సర్వేకి వచ్చేవాళ్ల పేర్లు సమావేశం అయ్యేలోపు నా దగ్గర రాయించాలి. ఈ నివేదికను ఆమోదించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి, గుంటూరు