వేడి మీదే ఉప్పూ పులుపూ

ప్రియమైన మిత్రుడికి,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై 4న మీ పెరట్లో జరిగే కుక్‌అవుట్ అనే ఆరుబయటి విందుకు ఇరవై మంది వస్తున్నారనీ, గ్రిల్ దగ్గరి పనంతా మీ బావగారు చూసుకుంటారనీ, బంగాళాదుంపల సలాడ్ బాధ్యత మాత్రం నువ్వే తీసుకున్నావనీ చదివి చాలా సంతోషించాను. ఏ రకం చేయమంటావని అడిగావు. ఒకటి కాదు, రెండు రకాలు చెయ్యి. ఒకటి మయొనీస్‌తో, మరొకటి మయొనీస్ లేకుండా వెనిగర్‌తో. ఎందుకో చెప్పే ముందు, అన్ని రకాలకూ వర్తించే ఒక మాట చెప్పాలి. ఈ సలాడ్ రుచి గిన్నెలో మయొనీస్ కలిపేటప్పుడు కాదు, దుంపల నీళ్లు వార్చిన మొదటి అయిదు నిమిషాల్లోనే తేలిపోతుంది.

దుంప వేడిగా ఉన్నప్పుడు తనపై పోసినదాన్ని లోపలికి పీల్చుకుంటుంది. చల్లారిన తరువాత దానిలోని పిండిపదార్థం బిగుసుకుంటుంది కాబట్టి, అప్పుడు ఎంత వెనిగర్ పోసినా, ఎంత ఉప్పు చల్లినా పైపూతగానే మిగిలిపోతుంది. తినేవారికి పైన పుల్లగా, లోపల చప్పగా తగులుతుంది. అందుకే నేను నీళ్లు వార్చగానే దుంప ముక్కలను వెడల్పాటి పళ్లెంలో పరిచి, పైన ఆవిరి ఇంకా లేస్తూ ఉండగానే, మూడు పౌండ్ల దుంపలకు మూడు టేబుల్‌స్పూన్ల సైడర్ (ఆపిల్) వెనిగర్, ఒక టీస్పూను ఉప్పు చల్లుతాను. అలా చల్లినప్పుడు ముఖం దగ్గరగా పెట్టి చూడు: ముక్క మీద తడి ఒక్క క్షణం మెరిసి, చూస్తూండగానే ఇంకిపోతుంది. ముక్కు పుటాలను తాకే ఆ ఘాటైన వాసన తగ్గి, పళ్లెం అడుగున తడి లేకుండా పోయిందంటే సలాడ్ సగం పూర్తయినట్టే.

మయొనీస్ విషయంలో మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకంగా నడుచుకోవాలి. మయొనీస్ అంటే గుడ్డు సొన సాయంతో పులుపు నీటిలో సన్నని బిందువులుగా నిలిచిన నూనె. వేడి తగిలితే ఆ కూర్పు విడిపోతుంది. మూడేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం అతిథులు వచ్చే వేళ అవుతోందన్న తొందరలో, పొగలు కక్కుతున్న దుంపల మీదే కప్పుడు మయొనీస్ కుమ్మరించాను. పది నిమిషాల్లో గిన్నె అంచుల వెంట నూనె తేలింది. ముక్కలు జిడ్డుగా, మెత్తగా ముద్దయ్యాయి. దాన్ని సరిచేసే దారి లేక ఆ రోజు సలాడ్ లేకుండానే భోజనాలు ముగించాము. వెనిగర్ వేడి మీద, మయొనీస్ పూర్తిగా చల్లారిన మీద. ఈ వరుస తప్పవద్దని నిన్ను మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

ఇక దుంపల ఎంపిక. రస్సెట్ దుంపల్లో పిండి ఎక్కువ, ఉడికితే పొడిపొడిగా విచ్చుకుంటాయి. ఎర్రతోలు దుంపలు, వేళ్లలా సన్నగా ఉండే ఫింగర్లింగ్ దుంపలు పిండి తక్కువగా, గట్టిగా ఉండి, కోసిన ఆకారాన్ని నిలుపుకుంటాయి. యూకాన్ గోల్డ్ ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. కెనడాలోని గ్వెల్ఫ్‌లో రూపొంది 1980లో విడుదలైన ఈ పసుపు దుంపలో అంచులు కాస్త కరిగి సలాడ్‌కు చిక్కదనాన్నిస్తాయి, నడుమ భాగం మాత్రం చెదరదు. మయొనీస్ సలాడ్‌కు యూకాన్ గోల్డ్, వెనిగర్ సలాడ్‌కు ఎర్రదుంపలు తీసుకో. పచ్చబారిన దుంపలను, మొలకలు బాగా వచ్చినవాటిని పక్కన పెట్టు. ఆ పచ్చదనం ఉన్నచోట సొలనిన్ అనే చేదు విషపదార్థం పేరుకుని ఉంటుంది. మనిషికి మూడో వంతు పౌండు చొప్పున ఇరవై మందికి ఏడు పౌండ్లు సరిపోతాయి.

ఉడికించేటప్పుడు దుంపలను మరుగుతున్న ఎసరులో వేయవద్దు. అలా వేస్తే లోపల ఉడికేలోగా పైభాగం చితికిపోతుంది. చన్నీళ్లలో వేసి, నాలుగు క్వార్టుల (దాదాపు నాలుగు లీటర్ల) నీటికి రెండు టేబుల్‌స్పూన్ల ఉప్పు కలిపి, నీళ్లు మరగడం మొదలైన తరువాత మంట తగ్గించి మెల్లగా ఉడకనివ్వు. ముప్పావు అంగుళం ముక్కలైతే మరుగు వచ్చాక పది నిమిషాల లోపే చూడాలి. ఆ నీళ్లలో ఒక చెంచాడు వెనిగర్ కూడా పోస్తే ముక్కల అంచులు చెదరవు, ఎందుకంటే దుంప కణాలను అతికి ఉంచే పెక్టిన్ పులుపులో అంత తొందరగా కరగదు. చాకు మొన దిగితే చాలదు, ఒక ముక్క తీసి కొరికి చూడు. పంటి కింద ఎక్కడా కరకరలాడకూడదు. ఒక నిమిషం తక్కువ ఉడికిన దుంప చల్లారాక మరింత గట్టిపడుతుందనేది గుర్తుంచుకోవలసిన సంగతి.

అమెరికాలో మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే నుంచి సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే దాకా పెరటి విందుల్లో ఎక్కువగా కనిపించేది మయొనీస్ సలాడే. నేను చేసే పద్ధతి ఇది. మూడు పౌండ్ల దుంపలకు ఒక కప్పు మయొనీస్, రెండు టేబుల్‌స్పూన్ల పసుపు రంగు మస్టర్డ్ (ఆవాల ముద్ద), ఉడికించిన నాలుగు గుడ్లు, సన్నగా తరిగిన రెండు సెలెరీ కాడలు, అర ఎర్ర ఉల్లిపాయ, రెండు చెంచాల పికిల్ (వెనిగర్‌లో ఊరవేసిన కీరా) ముక్కలు, అర టీస్పూను సెలెరీ గింజలు. సెలెరీ గింజలను మాత్రం వదిలేయకు. వాటి సువాసన చేరితేనే ఇది నాకు కుక్‌అవుట్ సలాడ్ అనిపిస్తుంది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో మస్టర్డ్, గుడ్లు, తియ్యని పికిల్ ఎక్కువగా వేసి, దుంపలను కాస్త మెదిపి, పైన పాప్రికా అనే ఎర్ర మిరప పొడి చల్లే వాడుక ఉంది. ఆ ప్రాంతంలో ఎంతోమంది ఇష్టపడే డ్యూక్స్ మయొనీస్‌ను యూజీనియా డ్యూక్ అనే ఆవిడ 1917లో దక్షిణ కరొలైనాలోని గ్రీన్‌విల్‌లో మొదలుపెట్టింది. అందులో చక్కెర ఉండదు కనుక, తియ్యని పికిల్ వేసే సలాడ్‌కు అది చక్కగా అమరుతుంది. లూసియానాలో ఇదే సలాడ్‌ను వేడి గంబో సూపు గిన్నెలోనే వేసుకుని తింటారు. చల్లని దుంప వేడి పులుసులో కరుగుతుంటే ఆ రుచి ఎంత హాయిగా ఉంటుందో తిన్నవారికే తెలుస్తుంది, కాని అది చలికాలపు ముచ్చట.

రెండో గిన్నెకు నా మనసంతా జర్మనీ నైరుతిలోని స్వేబియా ప్రాంతపు పద్ధతి మీదే ఉంది. ఉత్తర జర్మనీవారు మయొనీస్ వేస్తారు, స్వేబియావారు వేయరు. దుంపలను తోలుతోనే ఉడికించి, చేతిని చురుక్కుమనిపించే వేడిలోనే తోలు తీసి, పలుచని బిళ్లలుగా కోస్తారు. సన్నగా తరిగిన ఉల్లిపాయను కప్పుంబావు వేడి సూపు రసంలో (మాంసం లేదా కూరగాయలు ఉడికించి వడగట్టిన నీటిలో) మరిగించి, అందులో నాలుగు చెంచాల వెనిగర్, ఒక చెంచా మస్టర్డ్, ఉప్పు, మిరియాలు కలిపి దుంపల మీద పోయాలి. మొదట చూస్తే నీళ్లలో తేలుతున్నట్టే ఉండి నీకు భయం వేస్తుంది. భయపడకుండా గరిటెతో అడుగు నుంచి పైకి నెమ్మదిగా తిరగవేస్తూ ఉంటే, దుంపల అంచుల నుంచి ఊడిన పిండి ఆ రసంలో కలిసి రెండు మూడు నిమిషాల్లో చిక్కబడి, ప్రతి బిళ్లనూ నిగనిగలాడేలా అంటుకుంటుంది. నూనె ఆఖరున పోయాలి. ముందే పోస్తే అది దుంప చుట్టూ పొరలా పట్టి రసాన్ని లోపలికి వెళ్లనివ్వదు. ఒక గంట ఊరనిచ్చి గోరువెచ్చగా వడ్డించు. కూరగాయల రసం వాడితే మాంసం తిననివారూ, గుడ్డు తిననివారూ నిశ్చింతగా తింటారు. నేను రెండు రకాలు చేయమనడానికి ఇదొక కారణం. గ్రిల్ మీద కాలిన కొవ్వు పదార్థాల పక్కన పుల్లని సలాడ్ నోటిని తేలికపరుస్తుందనేది అంతకన్నా పెద్ద కారణం.

ఇతర రకాలను గురించి కూడా అడిగావు కనుక క్లుప్తంగా చెబుతాను. ఫ్రెంచివారు వేడి బిళ్లల మీద ముందుగా కాస్త తెల్ల వైన్ చిలకరించి, అది ఇంకాక వెనిగర్, మస్టర్డ్, ఆలివ్ నూనె, పార్స్లీ, టారగాన్ ఆకు కలుపుతారు. జపాన్‌లో దుంపలను సగం మెదిపి, ఉప్పు రాసి నీరు పిండిన కీరా చక్రాలు, క్యారెట్ చేర్చి, గుడ్డులో పచ్చసొన మాత్రమే వాడి చేసే క్యూపీ మయొనీస్ వేస్తారు. 1925 నుంచి అమ్ముడవుతున్న ఆ మయొనీస్ రుచి మరింత గాఢంగా ఉంటుంది. మాస్కోలోని హెర్మిటేజ్ భోజనశాలలో 1860ల్లో లూసియన్ ఒలివియే అనే వంటవాడు మొదలుపెట్టిన సలాడ్, ఈనాడు దుంపలు, బఠానీలు, పికిల్‌తో అనేక దేశాల పండుగ బల్లల మీద ఉంది. అయితే ఎండలో జరిగే విందుకు ఇది నాకు బరువుగా తోస్తుంది. మీ బావగారి గ్రిల్‌లో ఒక మూల ఖాళీ దొరికితే, సగం ఉడికిన చిన్న దుంపలను రెండుగా కోసి, నూనె రాసి, కోసిన వైపు కిందికి పెట్టి గీతలు పడేదాకా కాల్చి, నిమ్మరసం, ఉల్లికాడలు కలిపి చూడు. ఆ పొగ వాసన దుంపకు ఎంతగానో నప్పుతుంది.

సలాడ్ చెడిపోవడానికి మయొనీసే కారణమని చాలామంది నమ్ముతారు. సీసాలో అమ్మే మయొనీస్ నిజానికి పుల్లనిది, అందులో సూక్ష్మజీవులు తేలిగ్గా పెరగవు. పులుపు లేని దుంపలు, గుడ్లు, వాటిని తాకిన చేతులు, అన్నిటికన్నా ఎండలో గడిచే సమయం అసలు కారణాలు. 40 నుంచి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ నడుమ సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి కాబట్టి అలాంటి ఆహారాన్ని రెండు గంటలకు మించి, ఎండ 90 డిగ్రీలు దాటితే గంటకు మించి బయట ఉంచకూడదు. మొత్తం సలాడ్‌ను ఒకే పెద్ద గిన్నెలో బల్ల మీద పెట్టకుండా, మంచు ముక్కలు నింపిన పళ్లెంలో చిన్న గిన్నె ఉంచి, అది ఖాళీ కాగానే కూలర్ నుంచి మరో చిన్న గిన్నె తీసి మార్చు. అయిపోవచ్చిన గిన్నెలోకే కొత్తది వేయవద్దు. గోరువెచ్చగా వడ్డించే వెనిగర్ సలాడ్‌కు మంచు అక్కర్లేదు కాని, ఈ సమయ పరిమితి దానికీ వర్తిస్తుంది.

మయొనీస్ సలాడ్‌ను జూలై 3 రాత్రే చేసి ఫ్రిజ్‌లో ఊరనివ్వు. తెల్లవారేసరికి దుంపలు తడిని పీల్చుకుని సలాడ్ కాస్త పొడిబారుతుంది. అందుకే పావు కప్పు మయొనీస్ ముందే తీసి పక్కన ఉంచుకుని, వడ్డించే ముందు కలుపు. చల్లదనం ఉప్పును నాలుకకు తక్కువగా అందిస్తుంది కనుక అప్పుడే మళ్లీ రుచి చూడాలి, సువాసన ఆకులేవైనా చల్లదలిస్తే అప్పుడే చల్లాలి. స్వేబియా సలాడ్‌ను మాత్రం ఆ రోజు అతిథులు రావడానికి రెండు గంటలకు పైగా ముందే మొదలుపెట్టు.

ఆ సలాడ్ దుంపలను వేడి మీద ఒక్కడివే తోలు తీసి కోయడం కష్టం. నేను ఆ రోజు ఉదయం పదింటికే వచ్చేస్తాను. నా దగ్గరున్న వెడల్పాటి పళ్లేలు రెండూ, పెద్ద కూలరూ తెస్తాను. సెలెరీ గింజలు మీ ఇంట్లో ఉన్నాయో లేవో మాత్రం ముందుగా తెలియజెయ్యి.

నీ మిత్రుడు