సెలవు దొరకని డీప్ పర్పుల్

సంపాదకులకు,

అయ్యా,

ఆదివారం అనుబంధంలో బ్రిటిష్ రాక్ బృందం డీప్ పర్పుల్ మీద వ్యాసం వేసినందుకు సంతోషం. అయితే గాయకుడు ఇయాన్ గిల్లన్‌కూ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్‌కూ పొసగకపోవడం వల్లే బృందం చెదిరిందని రెండు ముక్కల్లో తేల్చేశారు. వాళ్లిద్దరికీ పడని మాట నిజమే. కానీ 1971 చివరి నుంచి 1973 మధ్య దాకా తేదీలు వరసగా పేర్చి చూడండి. అన్నదమ్ముల్లా మెలిగేవాళ్లయినా ఆ పనికి తట్టుకోలేరు.

1971 శరదృతువులో గిల్లన్‌కు హెపటైటిస్ వచ్చి అమెరికా పర్యటన రద్దయింది. దొరికిన ఖాళీలో విశ్రాంతి తీసుకున్నారా అంటే, లేదు. డిసెంబర్‌లో రికార్డింగ్ కోసం స్విట్జర్లాండ్‌లోని మాంట్రోకు వెళ్లారు. రికార్డింగ్ జరగాల్సిన క్యాసినో డిసెంబర్ 4న అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ సాగుతుండగానే కాలిపోయింది. ప్రేక్షకుల్లో ఎవరో పైకప్పు మీదికి ఫ్లేర్ గన్ (వెలుగు సంకేతాలు వదిలే తుపాకీ) పేల్చారు. తర్వాత ఒక పాత థియేటర్‌లో రాత్రిపూట వాయిస్తే ఇరుగుపొరుగు ఫిర్యాదు చేశారు, పోలీసులు వచ్చి తలుపు కొట్టారు. వాళ్లు లోపలికి వచ్చేలోగా పూర్తయిన ఒక్క వాద్య ట్రాకే తర్వాత ‘స్మోక్ ఆన్ ద వాటర్’ పాట అయింది.

చివరికి చలికాలానికి మూసేసిన గ్రాండ్ హోటల్ దొరికింది. ప్రతిధ్వని రాకుండా వరండాలో పరుపులు అడ్డం పెట్టి, బయట నిలిపిన రోలింగ్ స్టోన్స్ బృందం వారి రికార్డింగ్ ట్రక్కు దాకా కేబుళ్లు లాగారు. వాయించింది వినాలంటే గదులు, బాల్కనీలు దాటుకుంటూ ఆ చలిలో ట్రక్కు దాకా నడవాలి. కొన్నాళ్లకు ఆ నడక పడలేక వినడమే మానేశారు. వాయించేటప్పుడే బాగుందనిపిస్తే అదే ఖాయం. అలా తయారైన ‘మెషిన్ హెడ్’ ఆల్బమ్‌లో వినిపించే తాజాదనానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

ఆల్బమ్ 1972 మార్చిలో వచ్చింది. ఈసారి హెపటైటిస్ బ్లాక్‌మోర్‌కు. ఏప్రిల్‌లో క్యూబెక్ కచేరీకి ఆయన బదులు అమెరికన్ గిటారిస్టు ర్యాండీ కాలిఫోర్నియా వాయించాడు. మిగతా తేదీలు ఆగిపోయాయి. జూలైలో రోమ్‌లో తర్వాతి ఆల్బమ్ మొదలు. ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకా, 17న టోక్యో. ‘మేడ్ ఇన్ జపాన్’ అనే కచేరీ ఆల్బమ్ ఆ మూడు రాత్రులదే. అక్టోబర్‌లో మళ్లీ రికార్డింగ్, ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర. వీటి మధ్య అమెరికా పర్యటనలు ఉండనే ఉన్నాయి. రోమ్ శ్రమలోంచి ఆల్బమ్‌కు మిగిలింది ఒక్క పాట. ఏడు నెలల ముందు హోటల్ వరండాలో దాదాపు ఆల్బమ్ మొత్తం కూర్చిన మనుషులే వీళ్లు! అలసట ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

1972 డిసెంబర్‌లోనే గిల్లన్ రాజీనామా రాసిచ్చాడు. 1973 జూన్ 29న ఒసాకాలో ఆయనకూ బాస్ వాయించే రోజర్ గ్లోవర్‌కూ ఆఖరి కచేరీ. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ సింగిల్ అమెరికా జాబితాలో నాలుగో స్థానానికి ఎక్కింది ఆ తర్వాతి నెలలో. అప్పటికి అది పాడినవాడు బృందంలో లేడు. మేనేజర్లు ఆ ఐదుగురినీ మూడు నెలలు ఇంటికి పంపి ఉంటే సరిపోయేదని గిల్లన్ తర్వాతి కాలంలో అన్నాడు. నేనూ అదే అంటాను.

తర్వాత వాళ్ల స్థానాల్లో గాయకుడు డేవిడ్ కవర్‌డేల్, బాస్ వాయించే గ్లెన్ హ్యూజ్ వచ్చారు, 1975లో బ్లాక్‌మోర్ వెళ్లిపోయాడు, గిటారిస్టుగా టామీ బోలిన్ చేరాడు, 1976 మార్చిలో లివర్‌పూల్ కచేరీతో కథ ఆగింది. ఆ ఏడాది డిసెంబర్ 4న బోలిన్ పాతికేళ్లకే చనిపోయాడు.

పునరాగమనం 1984లో అని వ్యాసం రాసింది. పాత ఐదుగురూ కలిసి ‘పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్’ చేశారు, బాగా అమ్ముడైంది, కాదనను. కానీ ఐదేళ్లకే గిల్లన్‌ను తీసేశారు, 1992లో మళ్లీ పిలిచారు, 1993 నవంబర్‌లో పర్యటన మధ్యలోనే బ్లాక్‌మోర్ వెళ్లిపోయాడు. నా లెక్కలో అసలు పునరాగమనం 1994లో గిటారిస్టు స్టీవ్ మోర్స్ చేరికతోనే. ఆయన 2022 వరకూ ఉన్నాడు, బ్లాక్‌మోర్ రెండు విడతలూ కలిపినదానికంటే ఎక్కువ కాలం. 2002లో ఆర్గన్ వాయించే జాన్ లార్డ్ తప్పుకున్నా బృందం నిలబడింది. 2024లో కూడా కొత్త ఆల్బమ్ వచ్చింది.

ఇంకొక సవరణ. గిటార్ నేర్చుకునే మన పిల్లలు మొదట పట్టుకునేది ‘స్మోక్ ఆన్ ద వాటర్’ రిఫ్‌నే (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ పదబంధం) కాబట్టి రాస్తున్నాను. వ్యాసం పక్కన బాక్సులో ఇచ్చిన పవర్ కార్డ్‌లు (మూల స్వరాన్నీ దాని పంచమాన్నీ కలిపి మోగించేవి) సరికావు. అది నాలుగో, మూడో తీగల మీద ఒకే ఫ్రెట్‌లో (గిటార్ మెడ మీది మెట్టులో) రెండు స్వరాలు కలిపి వాయించేది. ఫ్రెట్‌ల క్రమం (0 అంటే నొక్కని తీగ): 0, 3, 5, తర్వాత 0, 3, 6, 5, తర్వాత 0, 3, 5, 3, 0. పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) వాడితే ఒక తీగ ముందు, ఒకటి వెనక మోగుతుంది. బ్లాక్‌మోర్ బొటనవేలు, మరో వేలు కలిపి రెండు తీగలూ ఒక్కసారే లాగుతాడు. పవర్ కార్డ్‌లు వాయిస్తే కింది స్వరాలు చేరి మందం పెరుగుతుంది, మార్షల్ ఆంప్లిఫయర్ గుండా వచ్చే లార్డ్ హామండ్ ఆర్గన్‌కూ గ్లోవర్ బాస్‌కూ చోటు మిగలదు. వచ్చే వారం బాక్సు సరిచేసి మళ్లీ వేయగలరని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, కాకినాడ