బుడమేరు గురించి అడిగితే చెబుతాం

రాష్ట్ర పర్యావరణ, అటవీ శాఖ మంత్రివర్యులకు,

విజయవాడ అజిత్‌సింగ్ నగర్ వాసి నమస్కరించి రాయునది.

ఈమధ్య ఒక సాయంత్రం నా ఫోన్‌కు రికార్డు చేసిన గొంతుతో ఒక కాల్ వచ్చింది. ఎవరి తరఫున చేస్తున్నారో చెప్పకుండానే, పర్యావరణ పరిరక్షణ అవసరమని భావిస్తే ఒకటి, లేదంటే రెండు నొక్కమన్నారు. నేను ఒకటి నొక్కాను. పక్కింటి మామ్మగారికీ అదే కాల్ వస్తే, "పరిరక్షణంటే ఏంట్రా?" అని మనవడిని అడిగి, వాడు చూపించిన అంకే నొక్కారు. అసలు రెండు నొక్కే మనిషి ఎవరుంటారండీ?

అదే మామ్మగారిని మా బుడమేరు వాగు గురించి అడిగి చూడండి. 2024 సెప్టెంబరు 1న అది పొంగి నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడమీద స్విచ్‌బోర్డుకు జానెడు పైన మిగిలిన బురద చార చూపిస్తారు. గట్లకు పడిన గండ్ల గురించి, కాలవలో పేరుకున్న గుర్రపుడెక్క గురించి, ఏటి దారిలో లేచిన ఇళ్ల గురించి గంటసేపు చెబుతారు. ఆమెకు అభిప్రాయం లేకపోలేదు; ప్రశ్నే ఆమె దాకా వెళ్లలేదు.

ఇది మా పేటకే పరిమితమైన సంగతి కాదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వారు 2022లో ప్రకటించిన భారతదేశ సర్వేలో, భూతాపం గురించి తమకు కొద్దిగానే తెలుసనో, అసలు విననే లేదనో చెప్పినవారు సగానికి మించి ఉన్నారు. అదేమిటో రెండు ముక్కల్లో వివరించి మళ్లీ అడిగితే, అది నిజంగా జరుగుతోందన్నవారు 84 శాతం.

ఖర్చు ఊసెత్తని ప్రశ్న కూడా అంతే మోసం చేస్తుంది. వీధి శుభ్రంగా ఉండాలా అంటే ఊరంతా అవునంటుంది. అందుకు నెలనెలా డబ్బు కడతారా అంటే ఏమంటుందో 2021లో మొదలై 2024లో రద్దయిన చెత్త పన్ను మనకు చూపించింది. ఆ పన్నును వ్యతిరేకించినవారు శుభ్రత వద్దన్నవారని ఎవరైనా లెక్క రాసుకుంటే, అది ఇంకా పెద్ద తప్పు.

ఇక సంఖ్యల విషయం. ఏ గడపకూ మొగ్గు లేకుండా చీటీలు తీసినట్టు ఎంచుకున్న వెయ్యిమందిని అడిగితే, వాళ్ల జవాబుకూ ఊరందరి జవాబుకూ తేడా సాధారణంగా అటూ ఇటూ ఇంచుమించు మూడు శాతం లోపే ఉంటుంది. ఫోన్ ఎత్తినవారి జవాబులు లక్ష పోగేసినా ఆ భరోసా రాదు. పగలంతా పనిలో ఉండే తాపీమేస్త్రీ ఆ లక్షలో ఉండడు.

కనుక తమరిని కోరేది ఇది. నగరంలోని 64 డివిజన్లలో ఇంటింటికీ మనుషులను పంపి, కాలవ, కంపు, పొగ, ముంపు అనే మాటలతోనే అడిగించండి. వరద తగ్గిన వారంలో ఒక జవాబు, నడి మే నెలలో మరొక జవాబు వస్తాయి కాబట్టి, ఏటా అవే ప్రశ్నలను అదే నెలలో వేయించండి. ఫలితాలతోపాటు, అడిగిన ప్రశ్నలను అక్షరం మార్చకుండా ప్రతి సచివాలయం గోడకూ అంటించండి. మామ్మగారికి చదివి వినిపించే పూచీ నాది.

ఇట్లు,
తమ విధేయుడు,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ