ఆ ఒక్క పీరియడ్ పిల్లల చేతికివ్వండి

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి, నమస్కారం.

విశాఖపట్నంలో హార్బర్‌కి దగ్గర్లో ఉన్న ఒక ప్రభుత్వ బడిలో ఏడో తరగతికి లెక్కలు చెబుతాను. మా పిల్లల్లో చాలామంది ఇళ్లు సముద్రం మీదే బతుకుతాయి. నాన్న వేటకెళ్తాడు, అమ్మ మార్కెట్లో చేపలమ్ముతుంది. ఈ పిల్లల టైము గురించి మీకొక మాట చెప్పుకోవాలని రాస్తున్నాను.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలి. ఆ వెయ్యి గంటల్లో "ఇప్పుడు నేనేం చెయ్యాలి" అని పిల్లలు సొంతంగా ఆలోచించుకునేది ఎంతసేపు? మా తరగతిలో అయితే చాలాకాలం ఒక్క నిమిషం కూడా లేదు. బెల్లు కొడితే పుస్తకం తియ్యాలి, మళ్లీ కొడితే ముయ్యాలి. వచ్చినవాడు పని అయిపోయి ఊరికే కూర్చుంటాడు, రానివాడు పక్కవాడి నోట్సు చూసి ఎక్కిస్తాడు. గదిలో గడియారం కూడా లేదు. "టీచర్, ఇంకా ఎంతసేపుంది?" అని పీరియడ్‌కి పదిసార్లు అడిగేవాళ్లు.

నిరుడు జూలైలో ఒక గోడ గడియారం కొని తగిలించాను. మంగళవారం, శుక్రవారం నా పీరియడ్ పిల్లలకి వదిలాను. వారంలో పూర్తి కావలసిన పని బోర్డు మీద రాస్తాను. ఏది ముందు, ఏది వెనక అన్నది వాళ్లిష్టం. రఫ్ నోట్సులో మూడు గళ్లు గీసుకుంటారు: ఏం చేస్తాను, ఎంతసేపు పడుతుందనుకుంటున్నాను, నిజంగా ఎంతసేపు పట్టింది. సాయం కావాలంటే డెస్కు మీద ఎర్ర బాటిల్ మూత పెడతారు. నేను దగ్గరికెళ్లేదాకా చేతులు కట్టుకుని కూర్చోకుండా ఇంకో లెక్క మొదలుపెడతారు.

మొదటి మూడు వారాలూ గోలే. కొందరు తేలిక లెక్కలే ఏరుకున్నారు, కొందరు ఏమీ చెయ్యలేదు. అప్పుడు పీరియడ్ మొత్తం కాకుండా పావుగంటతో మళ్లీ మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచాను. ఈత నేర్పేటప్పుడు ముందు మోకాలి లోతులోనే కదా దింపుతాం.

ఒకమ్మాయి దశాంశాల గుణకారం పది నిమిషాల్లో అయిపోతుందని రాసుకుంది. ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. మూడో గడిలో 35 రాసి, రబ్బరుతో చెరిపి, 10 వెయ్యబోతోంది. కళ్లలో నీళ్లు. "చెరపకమ్మా, నాకు కావాల్సింది ఆ ముప్పై అయిదే" అన్నాను. తర్వాతి వారం 30 అని రాసుకుని, 28కి ముగించి, కాగితం పట్టుకుని నా టేబుల్ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. ఆ రోజు ఆ పిల్ల నేర్చుకున్నది ఏ పరీక్ష పేపర్లోనూ అడగరు.

ఇంకో అబ్బాయి తెల్లారకముందే నాన్నతో హార్బర్‌కెళ్లి బుట్టలు మోసి వస్తాడు. పొద్దున పూట నిద్రకి తూలుతుంటే మేమంతా తిట్టేవాళ్లం. ఒక శుక్రవారం వాడు తన కాగితంలో ఎక్కాలు, గళ్లు గియ్యడం ముందు పెట్టుకుని, పక్కన "కష్టమైనవి ఇంటర్వెల్ తర్వాత, అప్పటికి నిద్ర పోతుంది" అని రాశాడు. వాడి ఒంటి సంగతి మా కంటే వాడికే బాగా తెలుసు. అడిగినవాళ్లే లేరు.

ఈ మధ్య తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఆ పీరియడ్‌లోనే మా గదిలోకి వచ్చారు. ముప్పై మంది ముప్పై పనులు చేస్తున్నారు. రిజిస్టర్‌లో "బోధన జరగడం లేదు" అని రాసి వెళ్లారు. ఆయన మీద ఫిర్యాదు చెయ్యడానికి ఈ లేఖ రాయడం లేదు. అందరి నోట్సులోనూ ఒకే పేజీ కనిపించాలని చూసే పద్ధతిలో ఆయనకి ఇంకోలా కనిపించే దారి లేదు. కానీ ఆ మూడు మాటలు చదివాక మా బడిలో ఇలాంటి ప్రయత్నం చెయ్యాలనుకున్న ఇద్దరు టీచర్లు ఆగిపోయారు.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. మన మదనపల్లె దగ్గరి రిషీ వ్యాలీ స్కూలు వాళ్లు చుట్టుపక్కల చిన్న పల్లె బడుల కోసం కార్డుల పద్ధతి తయారుచేశారు. తానెక్కడున్నాడో, తర్వాత ఏ కార్డు తియ్యాలో పిల్లవాడే నిచ్చెన పటం మీద చూసుకుంటాడు. దాన్ని చూసొచ్చి చెన్నై కార్పొరేషన్ బడుల్లో 2003లో ఇలాంటిదే మొదలుపెట్టారు, 2007 నాటికి తమిళనాడు రాష్ట్రమంతా తీసుకెళ్లారు. మన ఇంట్లో పుట్టిన విద్య పక్కింట్లో పెరిగింది.

మా అక్క కొడుకు ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో చదివాడు. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా నిమిషం నిమిషం వాళ్లే నడిపారు. మంచి ర్యాంకే వచ్చింది. ఇంజినీరింగ్ హాస్టల్‌కెళ్లిన నెలకి ఫోన్ చేసి "సాయంత్రం అయితే టెన్షన్‌గా ఉంటోంది పిన్నీ, ఏం చదవాలో ఎవరూ చెప్పట్లేదు" అన్నాడు. పద్దెనిమిదేళ్లు వాడికి. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అందుకే అడుగుతున్నాను సార్. ప్రతి తరగతి గదికీ ఒక గడియారం ఇప్పించండి. వారానికి ఒక్క పీరియడ్ పిల్లల సొంత పనికని టైంటేబుల్లోనే రాయించండి. ఎవరైనా టీచర్ సెలవు పెట్టినప్పుడో, పరీక్షల ముందు సిలబస్ మిగిలినప్పుడో దాన్ని లాక్కోకూడదని కూడా అందులోనే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, తనిఖీకి వచ్చేవాళ్లు ఆ పీరియడ్‌లో పిల్లల నోట్సు తిరగెయ్యడంతో సరిపెట్టకుండా పిల్లల్నే పలకరించేలా చూడండి. "ఇది ఎందుకు ముందు పెట్టుకున్నావ్?" అని అడిగితే చాలు.

మీరు విశాఖ వచ్చినప్పుడు ఏ మంగళవారమో, శుక్రవారమో మా బడికి రండి. పిల్లల్ని గేటు దగ్గర పూలతో నిలబెట్టం. వెనక బెంచీ మీద మీకు చోటుంచుతాం. హార్బర్ అబ్బాయి పక్కనే.

ఇట్లు,
ఏడో తరగతి లెక్కల టీచర్,
విశాఖపట్నం