ప్రదర్శన పిల్లలది, ప్రశ్న పెద్దలది

సీతమ్మధార,
విశాఖపట్నం.

చి. సౌ. చిట్టితల్లికి అమ్మ ఆశీర్వదించి రాయునది.

నిన్ను బడి కమిటీ చైర్‌పర్సన్‌గా ఎన్నుకున్నారని తెలిసి చాలా సంతోషించాను. డిసెంబరులో సైన్స్ ప్రదర్శన, తల్లిదండ్రుల సమావేశం ఒకే రోజు పెడదామని హెచ్ఎం గారు అంటున్నారని రాశావు. రెండూ కలపడం మంచిదే. అయితే చాలా బళ్లలో ఆ రోజంతా వేదికకూ పూలదండలకూ ప్రసంగాలకూ సరిపోతుంది. తల్లులు వెనక బెంచీల్లో కూర్చుని, చివర్లో ఫొటో దిగి ఇంటికెళ్లిపోతారు. తమ పిల్లవాడికి ఏం వచ్చో, ఎక్కడ తడబడుతున్నాడో వాళ్లకు తెలియనే తెలియదు. అందుకని నువ్వు పట్టుబట్టాల్సింది ఒక్కదాని మీదే. వచ్చిన ప్రతి తల్లీ, ప్రతి తండ్రీ తమ బిడ్డ ఎదురుగా నిలబడి, వాడు చేసినదేమిటో వాడి నోటితోనే వినాలి. మిగతా ఏర్పాట్లన్నీ ఆ ఒక్క పనికి వీలుగా ఉంటే చాలు.

అడగడానికి మొహమాటపడకు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచెయ్యడం కూడా కమిటీ బాధ్యతే. 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జులై 10న రాష్ట్రమంతా మెగా పీటీఎంలు, అంటే తల్లిదండ్రులు, టీచర్ల సమావేశాలు, జరిగాయి కాబట్టి బడి గేటు దాటి లోపలికి రావడం ఇళ్లల్లో వాళ్లకు కొంత అలవాటైంది. లోపలికొచ్చాక వాళ్లకు చేతినిండా పని ఉండాలి.

ముందు వేళ సంగతి తేల్చుకో. మీ బడి పిల్లల్లో ఎక్కువమంది హార్బరు వైపు వాళ్లు. పొద్దున పదింటికి రమ్మంటే ఆ తల్లులు రాలేరు. తెల్లవారకముందే చేపల వేలంపాటకు వెళ్లి, గంప నింపుకుని, మధ్యాహ్నం దాటేదాకా వీధుల్లో తిరిగి అమ్ముకుంటారు. పూట బేరం పోతే ఆ రోజు సంపాదన పోయినట్టే. శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా పెట్టండి. డిసెంబరులో మన ఊళ్లో ఐదున్నర లోపే పొద్దుగూకుతుంది కాబట్టి గదుల్లో లైట్లన్నీ వెలుగుతున్నాయో లేదో వారం ముందే చూసుకోండి.

తండ్రులు బోటెక్కితే రోజుల తరబడి ఇంటికి రారు. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుంది. అప్పుడు వాళ్లు ఊళ్లోనే ఉంటారు గానీ బడికి వేసవి సెలవులు. బడి మామూలుగా జూన్ 12న తెరుస్తారు. అంటే తండ్రులు దొరికేది ఆ రెండు మూడు రోజులే. ఐసు, డీజిలు, వలలు సర్దుకునే హడావిడిలో ఉన్నా ఓ గంట రాగలరు. వచ్చే ఏడాది తొలి సమావేశం ఆ రోజుల్లోనే జరగాలని ప్రణాళికలో ఇప్పుడే రాయించు. ఈ డిసెంబరుకు మాత్రం తండ్రి వేటలో ఉంటే తాతైనా, మేనమామైనా, పక్కింటి పిన్నైనా రావచ్చని పిలుపులోనే చెప్పండి. ఏ బిడ్డా తన బల్ల దగ్గర నావాళ్లెవరూ రాలేదని నిలబడకూడదు.

పిలుపు చీటీ పిల్లలే చేత్తో రాయాలి. ఏ రోజు, ఎన్నింటికి, ఎంతసేపు, నేను ఏం చూపిస్తాను, ఈ నాలుగూ ఉంటే చాలు. పది రోజుల ముందు ఒకటి, ముందురోజు సాయంత్రం గుర్తుచెయ్యడానికి ఇంకొకటి. వాట్సాప్ గ్రూపులో రాతతో పాటు గొంతుతో చెప్పిన సందేశం కూడా పంపండి. చదవడం రానివాళ్లు కూడా అది వింటారు.

ఇక ప్రదర్శన. పూర్ణా మార్కెట్‌లో కొన్న థర్మాకోల్ మోడళ్లు వద్దని మొదటి సమావేశంలోనే చెప్పేయి. ఖర్చు సంగతి అలా ఉంచు, వాటి వల్ల పిల్లలకు వచ్చేదేమీ లేదు. వాళ్లు సరిగ్గా కొలవగలిగిన, జవాబు ముందుగా తెలియని ప్రశ్న ఒక్కటి చాలు. మన సముద్రమే అలాంటి ప్రశ్నలు ఎన్నో ఇస్తుంది. రెండు చెబుతాను.

మొదటిది తుప్పు. నాలుగు గాజు సీసాలు, ఒక్కో దాంట్లో మూడు ఇనుప మేకులు. తెల్లగా మెరిసే మేకులు కొనకండి, వాటికి జింకు పూత ఉంటుంది, వారంలో ఏమీ కాదు. మామూలు నల్ల మేకులు తెచ్చి గరుకు కాగితంతో రుద్ది, గుడ్డతో బాగా తుడవాలి. కొత్త మేకు మీద నూనె ఉంటే నీళ్లు అంటవు. ఒక సీసాలో కుళాయి నీళ్లు, ఒకదాంట్లో సముద్రపు నీళ్లు పొయ్యండి. మూడోదాంట్లో పది నిమిషాలు మరగబెట్టిన నీళ్లు పోసి, పైన సెంటీమీటరు మందాన నూనె పోయాలి. నాలుగోది పొడి సీసా. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు అందులో వేసి మూత బిగించాలి. ఆ పొట్లాలు అప్పటికే చెమ్మ పీల్చుకుని ఉంటాయి కాబట్టి రెండు రోజులు మంచి ఎండలో పెట్టి వాడండి. సాధారణంగా పొరపాటు జరిగేది మూడో సీసాలో. మరిగిన నీళ్లు గిన్నెలో చల్లారే వరకూ వదిలేసి తర్వాత పోస్తే, వాటిలోకి గాలి మళ్లీ చేరిపోతుంది, మేకు తుప్పు పడుతుంది. మూతపెట్టి కాస్త వేడి తగ్గనిచ్చి, నురగ రాకుండా సీసా గోడ వెంట మెల్లగా పోసి వెంటనే నూనె వెయ్యాలి. మరీ కాగుతుండగా పోస్తే సీసా పగులుతుంది. ఆ పని పెద్దవాళ్లు పక్కనుండి చేయించాలి. ఏడు రోజులు, రోజూ ఒకే వేళకు చూసి బొమ్మ గీసి రంగు రాయాలి.

రెండోది ఉప్పు. ఒక లీటరు సముద్రపు నీళ్లు కొలిచి, సన్నటి గుడ్డలో రెండుసార్లు వడగట్టి, స్టీలు పళ్లేల్లో భాగాలుగా పోసి డాబా మీద ఎండబెట్టాలి. దుమ్మూ కాకులూ పడకుండా పైన పల్చటి గుడ్డ కట్టాలి. ఖాళీ పళ్లేన్ని ముందే తూచి రాసుకోవాలి, లేకపోతే చివర్లో ఉప్పు బరువు తేలదు. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుందని పుస్తకంలో ఉంటుంది. మన పిల్లలకు 35 రాదు, ఇంకా తక్కువే రావచ్చు. తప్పు చేశామనుకుని పుస్తకంలో అంకె చూసి దిద్దేస్తారు. దిద్దనివ్వకు. వానాకాలం తర్వాత గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, మహానది లాంటి నదుల మంచినీళ్లు బంగాళాఖాతంలో కలుస్తాయి. ఈ రోజుల్లో తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతూ ఆ పల్చటి నీళ్లను మన వైపు తెస్తుంది. నీళ్లు ఏ రోజు, ఏ ఒడ్డున, వాన పడిన ఎన్నాళ్లకు పట్టారో రాసుకున్న పిల్లవాడు తన తక్కువ అంకెకు తానే కారణం వెతుక్కోగలడు. 40 దాటిందంటే మాత్రం ఉప్పు ఇంకా ఆరలేదని అర్థం. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ గాలిలో చెమ్మను లాగేసుకుంటుంది, మన ఊళ్లో చెమ్మకు కొదవ లేదు. తూచి, మళ్లీ ఎండబెట్టి, మళ్లీ తూచాలి. రెండుసార్లు ఒకే అంకె వచ్చేదాకా అలా చెయ్యాలి.

బెలూను జుట్టుకు రుద్ది కాగితం ముక్కలు లేపే ప్రయోగం ఎవరో ఒకరు తప్పకుండా తెస్తామంటారు. ఆ చెమ్మే దీన్నీ పాడుచేస్తుంది, పుట్టిన విద్యుదావేశం నిలవకుండా జారిపోతుంది. సముద్రానికి దగ్గరి గదిలో సాయంత్రం పూట అది పనిచేస్తుందని నమ్మకం పెట్టుకోకండి.

ఉప్పు బల్ల పక్కనే ఇంకో బల్ల వేయించు. అక్కడ నిలబడేది అమ్మలు. ఎండుచేపలు చేసే ఇళ్లు మీ బడికి ఎన్నో ఉన్నాయి కదా. ఎన్ని కిలోల చేపకు ఎంత ఉప్పు, ఏ చేపను చీల్చి వేస్తారు, ఏది అలాగే వేస్తారు, మబ్బు పట్టిన రోజు ఏం చేస్తారు, ఇవన్నీ వాళ్లకు కొట్టినపిండి. ఇంటింటికీ లెక్క వేరుగా ఉంటుంది, ఆ తేడాలే పిల్లలు రాసుకుని పట్టిక కడతారు. ఉప్పు చేపలోని నీటిని బయటికి లాగేస్తుంది కాబట్టి కుళ్లబెట్టే సూక్ష్మజీవులు బతకలేవని సైన్స్ టీచరు అక్కడే చెప్పవచ్చు. వల అల్లే తాత ఒకరు దొరికితే వల కన్ను కొలవడం, ఒక బారకు ఎన్ని కళ్లో లెక్కకట్టడం ఆరో తరగతి పిల్లలకు మంచి గణితం. చదువు రాదు, బడిలో మాకేం పని అనుకునే తల్లి తన బిడ్డ ముందు గురువుగా నిలబడుతుంది. ప్రదర్శన మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఈ బల్లే.

ఒక్కో బల్ల దగ్గర మూడు నిమిషాలు అనుకుంటే ముప్పై బల్లలకు గంటన్నర పడుతుంది. అంతకుమించి పెట్టకండి. లోపలికి ఒక దారి, బయటికి ఒక దారి. సున్నం గోడకు సెల్లోటేపు అంటదు, సముద్రపు గాలికి చార్టులు ఊడి పడతాయి. బట్టలారేసే తాడు కట్టి పైన క్లిప్పులు పెట్టండి, కింద అంచుకు కర్రపుల్ల అంటిస్తే ఎగరదు. ఆ నెలలో తుఫాను హెచ్చరిక వస్తే మార్చుకోవడానికి ఇంకో శనివారం పిలుపులోనే రాసి ఉంచండి.

వచ్చిన పెద్దలు ఏం అడగాలో వాళ్లకు చెప్పాలి. గుమ్మం దగ్గర ఇద్దరు పదో తరగతి పిల్లలు నిలబడి ప్రతి ఒక్కరికీ నోటితోనే చెబుతారు: ముందు ఏమవుతుందనుకున్నావు, దేంతో కొలిచావు, ఎక్కడ తప్పింది, మళ్లీ చేస్తే ఏం మారుస్తావు. ఈ నాలుగు ప్రశ్నలకు సైన్స్ తెలియక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లు చేసిపెట్టిన మోడల్ అయితే మూడో ప్రశ్నకే పిల్లవాడు ఆగిపోతాడు.

బహుమతుల దగ్గర నా మాట కాస్త గట్టిగా చెప్పు. మొదటి, రెండో, మూడో అని ముగ్గురికి కప్పులిచ్చి మిగతా పిల్లలను ఖాళీ చేతులతో పంపడం నాకు నచ్చదు. ప్రతి బల్లకూ ఒక సర్టిఫికెట్, అందులో ఆ బిడ్డ చేసినదేమిటో ఒక వాక్యం. "ఏడు రోజులూ ఒకే వేళకు కొలిచింది", "తక్కువ వచ్చిన అంకెను దిద్దకుండా కారణం వెతికాడు" అన్నట్టు ఉండాలి. టీచర్లు వాటిని ముందురోజే పిల్లల నోటు పుస్తకాలు చూసి రాయాలి. పేరు రిజిస్టరులో ఉన్నట్టే రాయించు. మార్కులు మాత్రం మైకులో చదవనివ్వకు. ప్రోగ్రెస్ కార్డు తరగతి టీచరు బల్ల దగ్గర, తల్లీ బిడ్డా ఇద్దరూ ఉండగా, విడిగా చూపించాలి.

ఎనిమిదో తరగతి తల్లిదండ్రుల కోసం ఒక బల్ల తప్పనిసరి. ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000 రూపాయల చొప్పున నాలుగేళ్లకు 48,000 వస్తాయి. ఇంటి ఏడాది ఆదాయం మూడున్నర లక్షలు మించకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ ఎస్టీలకు 50 శాతం. మేధాశక్తికి 90, పాఠ్యాంశాలకు 90 మార్కులు. ఈ ఏడాది పిల్లలకు దరఖాస్తు గడువు దాటిపోయినా ఏడో తరగతి తల్లులకు ఇప్పుడే చెప్పి ఉంచడం మేలు. నెగ్గాక కూడా డబ్బు ఆగిపోవడానికి కారణాలు చిన్నవే: ఆధార్‌లో పేరు ఒకలా, బడి రికార్డులో ఒకలా ఉండటం, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం కాకపోవడం, ఏటా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చెయ్యకపోవడం. ఆ రోజు తల్లులు ఆధార్, పాస్‌బుక్ తెచ్చుకుంటే ఒక టీచరు పేర్లు సరిచూసి, తేడా ఉన్నవాళ్ల జాబితా రాసిపెట్టుకోవచ్చు. మంచి ప్రశ్న పట్టుకున్న పిల్లలుంటే పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మనక్ అవార్డు గురించి కూడా సైన్స్ టీచరును అడుగు. ఆలోచన ఎంపికైతే నమూనా చేసుకోవడానికి 10,000 రూపాయలు విద్యార్థి ఖాతాలోనే వేస్తారు. అది డబ్బు కొద్దీ కొనే మోడల్ కాదని, పిల్లవాడి సొంత ఆలోచన కావాలని తల్లిదండ్రులకు అర్థమయ్యేలా చెప్పాలి.

ఖర్చుకు ఇంటింటా చందా వసూలు చెయ్యకు. ఎవరైనా తాడో, సీసాలో, మంచినీళ్ల క్యానో ఇస్తే పుచ్చుకుని స్టాకు రిజిస్టరులో రాయించు.

పని అయిపోయిన మరుసటి వారం కమిటీని అరగంట కూర్చోబెట్టు. ఏ తరగతి నుంచి ఎంతమంది రాలేదో చూడండి. రాని ఇళ్లకు టీచరు, ఒక కమిటీ సభ్యురాలు కలిసి ఆ బిడ్డ నోటు పుస్తకం, సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లాలి, ఎందుకు రాలేదని నిలదీయడానికి కాదు, చూపించడానికి.

ఉప్పు ఆరడానికి ఈ మబ్బుల్లో రోజులు ఎక్కువే పడతాయి కాబట్టి నీళ్లు ఈ ఆదివారమే పట్టించు. ఒడ్డు దగ్గర ఇసుక కలిసిన నీళ్లు కాకుండా, జట్టీ మీదనుంచి బకెట్టు దించి పెద్దవాళ్లెవరైనా తోడాలి. పిల్లలను నీటి అంచుకు పోనివ్వకు. అల్లుడుగారికి ఆశీస్సులు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
అమ్మ