మట్టి ఇల్లు కట్టుకుంటానన్న నా బిడ్డకు

రామంతాపూర్, హైదరాబాద్

ప్రియమైన స్వాతీ,

మొన్న ఫోన్‌లో నువ్వు ఇల్లు గురించి చెబుతుంటే నేను ఊ కొట్టి ఊరుకున్నాను. నాన్నకు ఇష్టం లేనట్టుందని అమ్మతో అన్నావట. ఇష్టం లేక కాదు బిడ్డా. 30 ఏళ్లు సైట్ సూపర్‌వైజర్‌గా సిమెంటు, కంకర మధ్యే బతికాను. మట్టి ఇల్లు అనే మాట నీ నోట వినేసరికి గొంతు పెగల్లేదు. మన ఊరి మిద్దె ఇల్లు కళ్ల ముందు కదిలింది.

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. ముందు కంటైనర్ ఇల్లు వద్దు. 40 అడుగుల పొడవున్నా ఆ పెట్టె వెడల్పు 8 అడుగులే. మన మే నెల ఎండకు ఇనుము పెనంలా కాలుతుంది కాబట్టి లోపల ఇన్సులేషన్ వేయక తప్పదు. రెండు వైపులా అది తిన్నాక మిగిలేది 7 అడుగులు. అందులో మంచం అడ్డంగా వేస్తే నడవడానికి దారుండదు. ఇసుక నింపిన ప్లాస్టిక్ సీసాల గోడ పెరట్లో అరుగుకు సరిపోతుంది, పడుకునే గదికి మాత్రం ఒప్పుకోను. ప్లాస్టిక్‌కు నిప్పంటుకుంటే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. పైగా రేపు గోడలో ఒక పైపు మార్చాలన్నా ఆ పని తెలిసిన మేస్త్రీ దొరకడు. వెదురు మంచిదే. కాకపోతే దానిలోని పిండి కోసం పురుగు పడుతుంది. బోరాక్స్, బోరిక్ యాసిడ్ పట్టించిన వెదురైతే వరండా పందిరికి తీసుకుందాం.

మట్టి ఇటుకల ఫొటో దగ్గర మాత్రం ఆగిపోయాను.

రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ వాళ్ల రూరల్ టెక్నాలజీ పార్కులో తక్కువ ఖర్చు ఇళ్ల నమూనాలు కట్టి పెట్టారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒకసారి చూశాను. జల్లించిన ఎర్రమట్టిలో ఇసుక, 5 నుంచి 8 శాతం సిమెంటు కలిపి, మిషన్‌లో గట్టిగా నొక్కి తీసే పచ్చి ఇటుక అది. బట్టీ లేదు, కట్టెలూ బొగ్గూ లేవు. ఇది ఎవరో సరదాకి చేసే పని కూడా కాదు, ఈ ఇటుకలకు ఐఎస్ 1725 అని భారతీయ ప్రమాణం ఉంది. అయితే కాల్చడం లేదు కాబట్టి క్యూరింగే దానికి ప్రాణం. మూడు నాలుగు వారాలు నీడలో, తడి ఆరకుండా ఉంచాలి. ఒక ఫామ్‌హౌస్ పనిలో యజమాని తొందరపెట్టాడని మావాళ్లు వారానికే ఇటుకలు గోడకెక్కించారు. చేత్తో రుద్దితే అంచులు రాలిపోయాయి. అప్పుడు గట్టిగా ఆపలేకపోయినందుకు నాకు ఇప్పటికీ బాధే. నీ సైట్లో నేనే నిలబడి నీళ్లు పట్టిస్తాను.

మన ప్లాటులో మట్టితోనే ఇటుకలు చేద్దామన్నావు. చేవెళ్ల దారిలో మనది నల్లరేగడి. నేను గుంత తీయించి చూశాను, మూడడుగుల దాకా అదే, కింద మొరం తగిలింది. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. ఇటుకకు పనికిరాదు, దాని మీద పునాదీ నిలవదు. మొరం దాకా తవ్వి రాతి పునాది వేయాల్సిందే. ఎర్రమట్టి బయటినుంచి తెప్పించాలి. మీ దగ్గరున్న 22 లక్షల్లో ఎక్కడైనా చేయి బిగబట్టు కానీ పునాది దగ్గర వద్దు.

ఎందుకింతగా చెబుతున్నానంటే, నాకు పదకొండేళ్లప్పుడు మన మిద్దె వెనక గోడ కూలింది. అంతా వానను తిట్టారు. మీ తాత మాత్రం నన్ను తీసుకెళ్లి జాలారి చూపించాడు. రోజూ స్నానాల నీళ్లు గోడ మొదట్లో నిలిచి, లోపలికి ఇంకి, మట్టి మెత్తబడింది. ఏటా వానలకు ముందు మిద్దె మీద కొత్త చౌడు పోసేవాళ్లం, పైన చుక్క కురవలేదు. కింద నిలిచిన నీళ్లే గోడను తినేశాయి. అందుకే నీ ఇంటికి నేల నుంచి రెండడుగుల ఎత్తు వరకు రాయే ఉండాలి. చూరు రెండున్నర అడుగులు ముందుకు రావాలి. బాత్రూమ్, వంటగది నీళ్లు గోడకు దూరంగా పోవాలి.

గోడకు సిమెంటు ప్లాస్టర్ వేయించకు. లోపలి తడి బయటికి పోనివ్వదు. కుతుబ్‌షాహీ సమాధుల మరమ్మతుల్లో కూడా పాత సిమెంటు పూతలు తీసేసి మళ్లీ సున్నమే పూశారు. మనమూ సున్నమే పూద్దాం.

లారీ బేకర్ అని తక్కువ ఖర్చు ఇళ్లు కట్టిన ఆర్కిటెక్ట్ తిరువనంతపురంలో ఉండేవారు, 2007లో పోయారు. ఇటుకను పక్కకు నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే గోడ ఆయనే మన దేశంలో బాగా వాడుకలోకి తెచ్చారు. మామూలు గోడకంటే ఇటుకలు పావు వంతు తగ్గుతాయి, ఆ ఖాళీ వేడిని అడ్డుకుంటుంది. ఎండ ఎక్కువ కొట్టే పడమటి గోడ కాల్చిన ఇటుకతో అలా కట్టిద్దాం. పైకప్పుకు ఆయన పద్ధతిలోనే ఫిల్లర్ స్లాబు. స్లాబు అడుగున సాగే బలాన్ని మోసేది ఇనుమే, అక్కడి కాంక్రీటు పెద్దగా పని చేయదు. ఆ చోట కాంక్రీటు తగ్గించి పాత మంగళూరు పెంకులు పెడతారు. దీనికి మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీరు డ్రాయింగ్ ఉండాలి, నా అనుభవం చాలదు.

నేలకు తాండూరు బండలు. తలుపులకు పాత ఇళ్లు కూల్చేచోట టేకువి వెతుకుతున్నాను. 1,000 చదరపు అడుగుల కప్పు మీద మన 800 మిల్లీమీటర్ల వానకు ఏడాదికి 70 వేల లీటర్ల పైనే పడుతుంది. ట్యాంకుకు, ఇంకుడు గుంతకు ఇప్పుడే చోటు వదలాలి.

కాగితాల గురించి టెన్షన్ పడకు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల చుట్టూ కట్టడాలకు ఆంక్షలు పెట్టిన 1996 నాటి ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 111లో ఉన్న 84 గ్రామాల జాబితా చూశాను, మన ప్లాటున్న ఊరు అందులో లేదు.

ఆదివారం అల్లుడిని కూడా తీసుకుని రా. మూతున్న పెద్ద గాజు సీసా ఒకటి తెచ్చుకో. రెండు చోట్ల ఎర్రమట్టి చూసి పెట్టాను. సీసాలో మూడో వంతు పోసి, నీళ్లు కలిపి, బాగా గిలకొట్టి ఒక రోజు కదపకుండా ఉంచితే ఇసుక అడుగున, బంకమన్ను పైన పొరలుగా పేరుకుంటాయి. బంకమన్ను ఐదో వంతుకు దగ్గరగా ఉన్న మట్టినే తెప్పిద్దాం.

ఆశీస్సులతో,
మీ నాన్న