తాళ్ళరేవు మేస్త్రీ గారికి, మిగతా అందరికీ

నిన్న సాయంత్రం పోటు మీద మా పడవని గౌతమిలోకి దించాం. ఒళ్ళంతా పులిసిపోయింది, రాత్రి నిద్ర కూడా పట్టలేదు, అయినా పడవకి సాయం చేసినవాళ్ళందరికీ దండాలు చెబుతూ ఇది ఇవాళే రాయాలి.

ఎదుర్లంక దగ్గర కొబ్బరితోటలో రెండేళ్ళుగా సొంతంగా కట్టుకున్న 26 అడుగుల చెక్క పడవ ఇది. పైకి అంతా అయిపోయింది, ఇక కేబిన్ ఎంతసేపు అనుకున్నాం. కానీ లోపల ఒక్క గోడా తిన్నగా ఉండదు, ఇంట్లో అలమర చేసినట్టు కొలిచి కోస్తే ప్రతి ముక్కా ఓ మూల ఎగిరి కూర్చునేది. వరద రాకముందే దించాలని టెన్షన్. ఆ పరిస్థితిలో యానాంలో ఒక హార్డ్‌వేర్ షాపులో ఇనప స్క్రూలు అడుగుతుంటే, పక్కనున్న పెద్దాయన "ఉప్పునీటికి ఇనుమేంటి బాబూ, ఏం కడుతున్నారు?" అన్నారు. తాళ్ళరేవులో జీవితమంతా పడవలు కట్టిన మేస్త్రీ ఆయన. కోరంగి, తాళ్ళరేవుల్లో ఒకప్పుడు సముద్రం మీదకి వెళ్ళే తెరచాప ఓడలు కట్టేవారు కదా, ఆ పని చేతిలో మిగిలినవాళ్ళలో ఒకరు.

మర్నాడు పిలవకుండానే వచ్చారు. మేం నీళ్ళకి ఆగే మెరైన్ రకం అని డబ్బు పోసి కొన్న ప్లైవుడ్‌ని గోటితో గీకి, ఓ ముక్క ఉడకబెట్టించండి అన్నారు. ఐఎస్ 710 అని మెరైన్ ప్లైవుడ్‌కి మన దేశంలో పెట్టిన ప్రమాణం ఉంది, ఆ రకం 72 గంటలు ఉడికినా పొరలు విడకూడదట. మాది సాయంత్రానికే విడిపోయింది. ఆరు షీట్లు. నేను అక్కడే కూలబడ్డాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, "వీటితో అచ్చులు కోసుకుందాం, పడవ వంపు వీటి మీద గీసుకుంటే మంచి చెక్క పాడవదు" అని పెన్సిలు తీశారు.

గ్యాస్ సిలిండర్ నేను బల్ల కిందే పెట్టించాను. అది చూసి మాత్రం ఆయన గొంతు మారింది. "గాలి కంటే బరువండి అది. లీకైతే ఇంట్లో గుమ్మం కిందనుంచన్నా పోద్ది, పడవ అడుగున చేరితే ఎక్కడికి పోద్దండీ?" ఇప్పుడా సిలిండర్ పైన, లీకైన గ్యాస్ పడవ బయటికి పోయేలా అడుగున రంధ్రం పెట్టిన వేరే పెట్టెలో ఉంది. నేను ముందు పెట్టించిన ఆ బల్ల మీదే నా పిల్లలు పడుకునేది. ఇంకోటి కూడా చెప్పారు: చెక్కని ఏరు కంటే పైనుంచి కారే వాననీరే ఎక్కువ కుళ్ళబెడుతుందని. అందుకే ప్రతి అలమరకీ గాలి ఆడేలా కన్నాలు పెట్టించారు.

పదకొండు రోజులు, మొదటి బస్సుకి బాలయోగి వారధి దాటి వచ్చేవారు. చివరి రోజు కవరు ఇస్తే బస్సు చార్జీలు లెక్కపెట్టి తీసుకుని మిగతాది నా జేబులో పెట్టేశారు. బల్ల పొడవు సరిపోయిందో లేదో చూస్తానని పడుకుని, అలాగే నిద్రపోయారు. కాళ్ళకి రంపపు పొట్టు. ఆ కాళ్ళు చూస్తూ చాలాసేపు ఏడ్చాను.

మా ఆవిడకి, నాన్నకి, బావకి వేరే చెప్పక్కర్లేదు.

ఒక బాధ మాత్రం చెప్పాలి. రిజిస్ట్రేషన్ కోసం రెండు ఆఫీసుల మధ్య ఏడు నెలలు తిరిగాను. చేపల పడవా, టూరిస్టు బోటా అని అడుగుతారు, సొంతానికి కట్టుకున్నామంటే ఆ గడి లేదంటారు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో టూరిస్టు బోటు మునిగి అంత ఘోరం జరిగాక గట్టిగా చూడాల్సిందే, కాదనను. కానీ సిలిండర్ ఎక్కడ పెట్టావని ఒక్క అధికారీ నన్ను అడగలేదు. అడిగింది మేస్త్రీ గారొక్కరే.

అయ్యో, 12 వోల్టుల వైరింగ్ చేసిన కుర్రాడిని మర్చిపోయాను, లైట్లన్నీ వెలుగుతున్నాయి తమ్ముడూ. రెండో విడత చెక్క వానలో టార్పాలిన్ కప్పి తెచ్చిన ఆటో అన్నకి కూడా. పక్క తోటవాళ్ళు కరెంటు ఇచ్చారు. నిన్న తాళ్ళు పట్టినవాళ్ళందరి పేర్లూ నాకు తెలియవు, దండాలు.

మేస్త్రీ గారు ఫోన్ చూడరు. పేరు పెట్టొద్దన్నారు, పెట్టలేదు. వాళ్ళ మనవరాలు ఇది చూస్తే చదివి వినిపించమ్మా. తాతగారి చిన్న ఉలి మా పడవలో ఉండిపోయింది, ఆదివారం తెచ్చి ఇస్తానని చెప్పు.